పడటం తెలిసినవాడు

పాండెలిస్ వంటగది గచ్చు మీద దుప్పటి మడతపెట్టి, నడినెత్తి దానికి ఆనించి, ఒళ్ళంతా విల్లులా వంచి నిలబెట్టి ఉన్నాడు. ప్రతి పొద్దుటా చేసే పనే. యాభై మూడేళ్ళ మనిషి. మెడ దుంగలా ఉంటుంది. రెండు చెవులూ నలిగి నలిగి చెక్కేసినట్టు మొద్దుబారిపోయాయి. ఎడమ చిటికెన వేలు ఎప్పుడో విరిగి, బయటికి వంగి అతుక్కుంది. నెత్తి మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ మనసులో అంకెలు లెక్కపెడుతున్నాడు.

భార్య ఎవాంథియా అతని మోకాళ్ళ పక్కనుంచి సర్దుకుంటూ వెళ్ళి పొయ్యి మీద కాఫీ పెట్టింది.

"రాత్రికి లాంబ్రోస్ భోజనానికి వస్తున్నాడా?"

"వస్తానన్నాడు."

"అయితే ద్రాక్షాకుల్లో అన్నం చుడతాను. వాడికి నిమ్మరసం దండిగా ఉండాలి."

తలకిందులుగా ఉన్న పాండెలిస్‌కి ఆమె చెప్పుల మడమలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నాకూ నిమ్మరసం ఇష్టమే," అన్నాడు.

"ఎప్పుడైనా చెప్పావా?"

"వాడు వచ్చినరోజు తప్ప పిండవు. ఎప్పుడు చెప్పాలి?"

"మొదలెట్టావూ, పొద్దున్నే! లే, ముఖం బీట్‌రూట్‌లా అయింది."

పాండెలిస్ లేచి కాఫీ తాగాడు. ఏథెన్స్ శివార్లలోని కొక్కీనియా వీధుల్లో ఆదివారం చర్చి గంటలు మోగుతున్నాయి. పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది, జూన్ నెల. సాయంత్రం పెరిస్తెరీ ఫుట్‌బాల్ మైదానంలో లాంబ్రోస్ ఆఖరి కుస్తీ. లాంబ్రోస్ కోరి ఎంచుకున్న ప్రత్యర్థి పాండెలిసే.

వాడు తనకి కుంబారోస్ కూడా. పెళ్ళిలో తన తల మీదా ఎవాంథియా తల మీదా పూలకిరీటాలు అటూ ఇటూ మార్చినవాడు. ఆ రోజు నుంచి ఒకరినొకరు "కుంబారే" అనే పిలుచుకుంటారు. ఆ పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ ఎనిమిది ఫొటోలు తీస్తే, అయిదింటిలో వెలుతురంతా లాంబ్రోస్ మీదే పడింది. రెండింటిలో పెళ్ళికొడుకు చెవి మాత్రం వచ్చింది. ఎవాంథియా ఆ ఫొటోలు చూసి నవ్వినప్పుడల్లా పాండెలిస్ కూడా నవ్వేవాడు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్టు ముట్టించుకునేవాడు.

మైదానానికి పది గంటలకే చేరాడు. రింగు కట్టేది కూడా అతనే. ఇనపస్తంభాలు నిలబెట్టి, చెక్కలు పరిచి, వాటి మీద రంపపుపొట్టు చల్లి, పైన బొంత వేసి, కాన్వాసు బిగించి లాగాడు. ఎక్కడ చెక్క మెత్తగా లోపలికి దిగుతుందో మడమతో తొక్కి చూసుకున్నాడు. ఆ చోటు గుర్తుపెట్టుకుంటాడు. పడాల్సి వస్తే అక్కడే పడతాడు.

గేటు పక్క గోడకి పోస్టరు ఉంది. లాంబ్రోస్ తెల్లటి అంగీ వేసుకుని, చేతులు కట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. జుట్టు ఇంకా నల్లగా ఉంది. రంగు వేస్తాడని పాండెలిస్‌కి తెలుసు. కానీ ఆ రంగు పోస్టరులో తెలియదు. అడుగున, ముద్రించిన ప్రెస్సు పేరుకి కాస్త పైన, "ప్రత్యర్థి: పాండెలిస్" అని ఉంది. ఇంటిపేరు పట్టలేదు కాబోలు.

పాండెలిస్ మొదటి కంపెనీ థెస్సలీ సంతలు తిరిగే ఒక గుడారం. గుంజలు పాతే పనికి చేరాడు. ఒకనాడు ఒక కుస్తీవాడికి జ్వరం వస్తే రింగులోకి దిగాడు. అక్కడి ముసలి వస్తాదు అతనికి పడటం నేర్పాడు. గడ్డం గుండెకి ఆనించు. ఊపిరి వదిలెయ్. రెండు చేతులూ చాచి కాన్వాసుని చరువు. చప్పుడంతా చేతుల్లోంచి పోవాలి, ఎముకకి తగలకూడదు. ఆరు నెలల్లో పాండెలిస్ పడితే వెనక వరస ఆడవాళ్ళు కళ్ళు మూసుకునేవారు. చచ్చాడనుకునేవారు.

రెండో ఏడు వోలోస్ రేవు నుంచి లాంబ్రోస్ వచ్చాడు. ఇరవై ఏళ్ళు, సన్నటి నడుము, విశాలమైన భుజాలు. వాడికి పట్లన్నీ పాండెలిసే నేర్పాడు. ఎత్తి విసరడం నేర్పాలంటే ఎవరో ఒకరు విసిరించుకోవాలి కదా. ఆ చలికాలమంతా పాండెలిస్ పడుతూనే ఉన్నాడు. వసంతానికి వాడు ఏథెన్స్ కంపెనీకి వెళ్ళాడు, తననీ తీసుకెళ్ళాడు. ఆ యజమాని ఇద్దర్నీ వరసగా నిలబెట్టి ఒక్క చూపు చూశాడు. "నువ్వు ముఖం చూపించు," అన్నాడు లాంబ్రోస్‌తో. "నువ్వు ముసుగేసుకో," అన్నాడు పాండెలిస్‌తో.

అప్పటి నుంచి పాండెలిస్ నల్లముసుగు అయ్యాడు, బల్గేరియా కసాయి అయ్యాడు, ఒక ఏడాది తోక తగిలించుకుని సైతాను కూడా అయ్యాడు. ఎవరు గెలవాలో యజమాని ముందే చెబుతాడు. ఆ పేరు ప్రతిసారీ లాంబ్రోస్‌దే.

ఒక్కసారి మాత్రం వియన్నాలో గుడారం కుస్తీలకి ఒంటరిగా వెళ్ళాడు. అక్కడ మూడు వారాలు వరసగా గెలిచాడు. ముసుగు లేదు. పోస్టరు మీద సొంత ముఖం, మొద్దుబారిన చెవులతో సహా. ఒక ముసలావిడ రోజూ ముందు వరసలో కూర్చుని అతని పేరు తప్పుగా పలుకుతూ అరిచేది. ఆ గొప్ప దాచుకోలేక లాంబ్రోస్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అందులో పోస్టరు కూడా మడిచి పెట్టాడు. నాలుగో వారం లాంబ్రోస్ రైలు దిగాడు. "నువ్వింత బాగుందని రాస్తే రాకుండా ఎలా ఉంటాను కుంబారే!" అని కావలించుకున్నాడు. అయిదో వారం నుంచి ముసలావిడ వాడి పేరు పలకడం నేర్చుకుంది.

తర్వాత పాండెలిస్ ఎవరికీ చెప్పకుండా బీరూట్ కంపెనీకి వెళ్ళాడు. ఓడ దిగగానే అక్కడి ఏజెంటు అతని వెనక్కి తొంగిచూసి, "లాంబ్రోస్ ఏడీ?" అని అడిగాడు. రెండు నెలల్లో తిరిగొచ్చేశాడు. అప్పటి నుంచి ఇద్దరూ వ్లాసిస్ కంపెనీలోనే.

ఆ వ్లాసిస్ మధ్యాహ్నం చెమట తుడుచుకుంటూ వచ్చాడు. లావుపాటి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి చొక్కా గుండీ పట్టుకుంటాడు.

"పాండెలీ, ఈ రోజు నువ్వు గెలుస్తున్నావు."

పాండెలిస్ తాడు బిగిస్తున్నవాడల్లా ఆగాడు. "ఎవరు చెప్పారు?"

"లాంబ్రోస్ అడిగాడు. మూడో రౌండులో వాణ్ణి భుజాలకెత్తి పడేస్తావు. వాడి భుజాలు నేలకి ఆనగానే మూడంకెలు లెక్కపెడతారు, అయిపోతుంది. పోయేటప్పుడు నీకు ఇచ్చి పోవాలని వాడి కోరిక. ఎంత మంచి మనసు చూడు!"

"ఇచ్చి పోవడమేంటి? వాడి అబ్బ సొమ్మా?"

"ఇదిగో, ఆదివారం పూట నాకు తలనొప్పి తేకు. గెలవమంటే ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

ఇరవై ఆరేళ్ళుగా పాండెలిస్ కోరుకున్నది ఇదే. అది ఇలా, వాడి చేతిమీదుగా, వాడి మంచితనానికి ఇంకో పూలదండలాగా రావడం అతనికి మింగుడుపడలేదు. రేపు పేపర్లో ఏం రాస్తారో కూడా తెలుసు. పాత స్నేహితుణ్ణి గెలిపించిన లాంబ్రోస్ పెద్దమనసు అని రాస్తారు. గెలిచినవాడి పేరు కింద, చిన్నక్షరాల్లో.

లాంబ్రోస్ నాలుగింటికి కారు దిగాడు. వెనకే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. గోలుపోస్టు వెనక సామాన్ల గదిలో బట్టలు మార్చుకుంటుంటే పాండెలిస్ అన్నాడు:

"రింగులోకి రా. రెండుసార్లు పడి చూసుకో."

"పడటానికి రిహార్సలేంట్రా? పడేస్తే పడతాను."

"గడ్డం దించాలి. ఊపిరి..."

"కుంబారే!" లాంబ్రోస్ అద్దంలో జుట్టు సర్దుకుంటూ నవ్వాడు. "నువ్వు పడగా లేంది నేను పడలేనా? ఎవాంథియా ఏం వండుతోంది?"

"నిమ్మకాయలు," అని పాండెలిస్ బయటికి వచ్చేశాడు.

ఆరింటికి మైదానం నిండింది. టీవీలు వచ్చాక ఇంతమంది రావడం ఇదే మొదలు. లాంబ్రోస్ తెల్ల అంగీలో నడిచొస్తుంటే తండ్రులు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. పాండెలిస్ వచ్చినప్పుడు పొద్దుతిరుగుడు గింజల పొట్టు విసిరారు. ఒకడు, "ఇంకా చావలేదురా వీడు!" అని కేకేశాడు. జనం నవ్వారు. పాండెలిస్ పిడికిలి చూపించి తన పని తను చేశాడు.

మొదటి రెండు రౌండ్లూ అలవాటు ప్రకారం నడిచాయి. లాంబ్రోస్ విసిరాడు, పాండెలిస్ పడ్డాడు. మెత్తటి చెక్క మీదే పడ్డాడు. ప్రతిసారీ మైదానం హోరెత్తింది. ఆ హోరు ఎవరి చేతుల చప్పుడుకి పుడుతోందో వాళ్ళకి తెలియదు.

మూడో రౌండులో పాండెలిస్ వంగి, లాంబ్రోస్ తొడ సందున చెయ్యి వేసి, భుజాల మీదికి అడ్డంగా ఎత్తాడు. నూట ఎనిమిది కిలోలు. జనం గింజలు ఒలవడం ఆపేశారు. లాంబ్రోస్‌ని ఎవరైనా అంత ఎత్తుకి లేపడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

పైనున్న ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయింది. అది పాండెలిస్‌కి మెడ ద్వారా తెలిసింది. గడ్డం పైకి లేచి ఉంది. ఊపిరి బిగబట్టి ఉంది. ఒక చెయ్యి నేలని వెతుక్కుంటూ కిందికి చాచి ఉంది. అలా పడితే ముందు మణికట్టు పోతుంది, వెంటనే మెడ.

"గడ్డం దించు," అన్నాడు పళ్ళ సందునుంచి.

"ఏంటి?"

"గడ్డం! ఊపిరి వదులు!"

ఒళ్ళు ఇంకా బిగుసుకుంది. వీడికి పడటం రాదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. పడే పనంతా తనే చేశాడు.

వదిలేస్తే చాలు. వ్లాసిస్ చెప్పిందే, వాడు కోరిందే. తప్పు ఎవరిదీ కాదు. పాండెలిస్ ఆ బరువుతో అలాగే నిలబడ్డాడు. జనానికి అది బలప్రదర్శనలా కనిపించింది. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. వియన్నా రైల్వేస్టేషను గుర్తొచ్చింది. కావలించుకున్న ఆ చేతులు గుర్తొచ్చాయి. వదిలెయ్యాలని నిజంగానే అనిపించింది. అతని చేతులు కాస్త వదులయ్యాయి కూడా.

అంతలో మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. తను కిందికి దూరి, లాంబ్రోస్ తలని గుండెకి అదుముకుని, వెనక్కి పడ్డాడు. చేతులు ఖాళీ లేవు, కాన్వాసుని చరిచే వీలు లేదు. మెత్తటి చెక్క ఎక్కడో వెతికే వ్యవధి కూడా లేదు. ఆ నూట ఎనిమిది కిలోలూ అతని పక్కటెముకల మీదికి దిగాయి.

రిఫరీకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కిందున్న భుజాలు ఎవరివో చూశాడు. పాండెలిస్‌వి. ఒకటి, రెండు, మూడు అని చరిచాడు.

లాంబ్రోస్ గెలిచాడని మైదానం దద్దరిల్లింది.

సామాన్ల గదిలో లాంబ్రోస్ బెంచీ మీద కూలబడ్డాడు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. జుట్టు రంగు చెమటకి కరిగి చెంప మీదికి చార కట్టింది.

"ఎందుకురా అలా చేశావు? గెలవమని ఇస్తే..."

"నీకు పడటం రాదు," అన్నాడు పాండెలిస్. ఊపిరి పొట్టిపొట్టిగా వస్తోంది.

లాంబ్రోస్ చెంప మీది చారని అరచేత్తో తుడుచుకున్నాడు. "నువ్వు నేర్పలేదుగా," అన్నాడు.

"నువ్వు అడగలేదుగా."

లాంబ్రోస్ తలెత్తి చూశాడు. ఆ చూపు పాండెలిస్‌కి బాగా తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా గడ్డం గీసుకునేటప్పుడల్లా అద్దంలో చూస్తున్నదే. మొదటిసారి అది వేరే ముఖంలో కనిపించింది. ఆ రెండు క్షణాలూ పాండెలిస్ కడుపులో ఏ మంటా లేదు.

అప్పుడే తలుపు తోసుకుని జనం పడ్డారు. లాంబ్రోస్‌ని భుజాలకెత్తుకున్నారు. గుమ్మం దాటేసరికి వాడు మళ్ళీ పళ్ళన్నీ చూపించి నవ్వుతున్నాడు. "రాత్రి వస్తాను కుంబారే!" అన్న కేక మాత్రం వెనక్కి వచ్చింది.

వ్లాసిస్ పాండెలిస్ వాలకం చూసి, "రింగు రేపు విప్పుదువులే, ఇంటికెళ్ళు," అన్నాడు. గేటు బయట తోపుడుబండి మీద చెర్రీలు అమ్ముతున్నారు. ఎవాంథియాకి ఇష్టమని పాండెలిస్ ఒక కిలో కట్టించుకున్నాడు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎండ ఇంకా పోలేదు. ఎడమవైపుకి వాలితే నొప్పి కాస్త తగ్గుతోంది.

వెనక సీట్లో ఇద్దరు మైదానం నుంచే ఎక్కినట్టున్నారు.

"ఆఖరి రోజున కూడా చూశావా! ఎత్తినవాణ్ణి గాల్లోంచే తిప్పి పడేశాడు!"

"లాంబ్రోస్ అంటే లాంబ్రోసే. ఇంతకీ ఆ కింద పడ్డవాడెవడు?"

"ఎవడో. ఎప్పుడూ ఉంటాడు."

పాండెలిస్ వెనక్కి తిరిగి ఒక మాట అందామనుకున్నాడు. మంట మళ్ళీ రాజుకుంది, ఎక్కడుండాలో అక్కడే. ఒరే, వాణ్ణి గాల్లోంచి దించింది నేనురా అనాలి. కానీ మాటకి సరిపడా ఊపిరి అందలేదు. సరే, ఇంటికెళ్ళాక ఎవాంథియాకి చెబుతాను అనుకున్నాడు. వాడు భోజనానికి రాకముందే చెప్పాలి. ఒక చెర్రీ నోట్లో వేసుకున్నాడు, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొన్ని. తల మెల్లగా కిటికీ అద్దానికి ఆనింది. గడ్డం గుండె మీదికి దిగింది. ఊపిరి వదిలేశాడు.

కొక్కీనియా ఆఖరి స్టాపులో బస్సు ఖాళీ అయింది. కండక్టరు వచ్చి భుజం తట్టాడు. "పెద్దాయనా, దిగాలి." మళ్ళీ తట్టాడు. తర్వాత డ్రైవరుని కేకేశాడు. ఇద్దరూ తలలు వంచి టోపీలు తీశారు. ఎదురుగా కాఫీ కొట్టులోంచి నలుగురు వచ్చి, బరువుకి ఆయాసపడుతూ, అతన్ని మెట్ల మీదుగా దించారు. అందులో ఒకడు, "ఎక్కడో చూసినట్టుందే ఈయన్ని," అన్నాడు. మిగతావాళ్ళకి గుర్తు రాలేదు.

కిటికీ పక్క సీటు మీద కాగితపు పొట్లం అలాగే ఉండిపోయింది. అడుగు తడిసి ఎర్రబడింది. పక్కనే నాలుగు మడతలు పెట్టిన జేబురుమాలులో, శుభ్రంగా చీకిన అయిదు చెర్రీ గింజలు.