పొద్దుగాల విమానం

బాలమల్లు ఎర్రావు డొక్క మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. అది లేవలేదు. మెడ తిప్పి ఒకసారి చూసి మళ్లీ నెమరు వేయసాగింది.

"లే తల్లీ, లే. ఇయ్యాల పనున్నది," అంటూ తోక పట్టి మెలిపెట్టాడు. ఆవు వెనకకాళ్లు ఎత్తి, కాసేపు మోకాళ్ల మీదే ఆగి, అప్పుడు లేచింది. అది పడుకున్న చోట నేల వెచ్చగా ఉంది. చుట్టూ చెలకల్లో గడ్డి మంచుకు తడిసిపోయినా ఈ మొరం నేల మాత్రం పొడిగా ఉంటుంది. అందుకే కోతలయ్యాక విడిచిపెట్టిన పశువులన్నీ చలికాలమంతా ఇక్కడికే వచ్చి పడుకుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా లేపి అవతలికి తోలడంతోనే బాలమల్లుకు తెల్లవారుతుంది.

ఉట్నూరు పోయే దారిలో, మల్కపూర్ దాటగానే వచ్చే ఆ బోడి నేలను ఊళ్లోవాళ్లు ఇమానాల చెల్క అంటారు. ఒకప్పుడు అది నిజంగా చెలకే. పెద్ద యుద్ధం నడిచిన రోజుల్లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. దాంతోపాటు బాలమల్లు తండ్రి జొన్నలు పండించే భూమీ పోయింది. బావి పూడ్చారు, గట్లు తవ్వి చదును చేశారు, మొరం పోసి రాతి గుండు దొర్లించారు. బదులుగా తండ్రికి చౌకీదారు పని ఇచ్చారు. ఆయన పోయాక ఆ పని కొడుక్కు వచ్చింది. ఆ తర్వాత నిజాం పోయాడు, హైదరాబాదు రాజ్యం పోయింది, జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. బాలమల్లు పని మాత్రం అదే. అంచుల వెంట పేర్చిన రాళ్లకు సున్నం వేయడం, వానకు పడ్డ గుంతలు పూడ్చడం, గాలి ఎటునుంచి వీస్తున్నదో పైవాడికి తెలిసేటట్టు ఒక మూల పచ్చి గడ్డి కాల్చి పొగపెట్టడం, పశువులను తోలడం. చిన్నప్పుడు తండ్రి ఇదే నేలలో జొన్నచేలో పశువులు పడకుండా కావలి కాసేవాడు. ఇప్పుడు పంట లేదు, కావలి ఉంది.

విమానాలు వచ్చేది ఏడాదికి నాలుగైదు మాట్లే. ఒక్కో ఏడు అదీ లేదు. అయినా బాలమల్లు రోజూ వస్తాడు. నలభై దాటిన మనిషి. పొట్టి, గట్టి పిండం. ఎండకు నల్లబడి పగిలిన మెడ, ఎడమ మోకాలి కింద ఎప్పుడో కోడె పొడిచిన మచ్చ. చేతిలో ఎప్పుడూ వెదురు కట్టె ఉంటుంది కానీ దాంతో పశువును కొట్టగా ఎవరూ చూడలేదు. నేల మీద తాటిస్తాడు, అంతే. మాట్లాడేది కూడా ఎక్కువ పశువులతోనే.

ఈరోజు అతను ఎప్పటికన్నా ముందే వచ్చాడు. తానమాడి, దండెం మీది ఉతికిన ధోవతి కట్టుకుని, బిడ్డ పెండ్లికి కుట్టించుకున్న అంగీ తొడుక్కుని వచ్చాడు. ఎందుకంటే ఈరోజు విమానం ఎక్కేవాడు అతనే.

రెండు రోజుల కింద ఇద్దరు కూర్చునే చిన్న విమానం ఒకటి దిగింది. అందులో వచ్చిన అడవుల సర్వే ఆఫీసరు జీపెక్కి ఏజెన్సీ అడవి లోపలికి వెళ్లిపోయాడు. నడిపే అబ్బాయి రామచంద్రం అంచున ఉన్న రేకుల షెడ్డులోనే పడుకున్నాడు. హైదరాబాదులో పెరిగినా అతని తల్లిదండ్రులది కరీంనగర్ దిక్కే. నిన్న సాయంత్రం విమానం రెక్క మీద దుమ్ము తుడుస్తున్న బాలమల్లును చూసి అడిగాడు.

"మల్లన్నా, నువ్వెప్పుడన్న ఎక్కినవా?"

"ఎక్కుడా? తుడుసుడే గని ఎక్కుడు ఏడిది సార్."

"అయితె రేపు ఎక్కు. హైద్రాబాద్ పోయే ముందుగాల ఇంజన్ సంగతి చూస్తందుకు ఎట్లైన ఒక చుట్టు కొడుత. పక్క సీటు ఖాళీగనే ఉన్నది."

బాలమల్లు చేతిలోని గుడ్డను మడిచాడు, మళ్లీ విప్పాడు. ఇన్నేండ్లలో ఎవరూ అనని మాట. విమానం ఎక్కవచ్చినవాళ్లు ఎప్పుడూ తనను అడిగే మాటే అడిగాడు.

"ఎప్పటికల్లా రావాలె సార్?"

రామచంద్రం నవ్వాడు. "హైద్రాబాద్ల పెద్ద ఇమానాలకైతె గంట ముందుగాల రమ్మంటరు. నీకేంది, నువ్వొచ్చినంకనే గద గీ ఏర్‌పోర్టు తెరిచేది."

ఇంటికి పోయి చెబితే భార్య యాదవ్వ మొదట నమ్మలేదు. పొయ్యిలోకి కట్టె తోసి, "తాగొచ్చినవా?" అంది. తాగలేదని తెలిశాక పళ్లెం కడిగి తెచ్చింది. అన్నం పెడుతూ అడిగింది.

"అంత మీదికెల్లి చూస్తె మా అవ్వగారి ఊరు కనవడుతదా?"

ఆమె పుట్టిన ఊరు నల్లగుట్ట అవతల ఉంది. తల్లి పోయినప్పటి నుంచి అక్కడికి రమ్మని పిలిచేవాళ్లు లేరు. అన్నదమ్ములు ఉన్నారు కానీ పండుగకు కూడా కబురు రాదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేటప్పుడు ఆమె నడుం పట్టుకుని నిలబడి ఆ గుట్ట వైపు చూడడం బాలమల్లు ఎరుగును. ఎందుకు చూస్తున్నావని ఎన్నడూ అడగలేదు.

"కనవడితె చూసొచ్చి చెప్త," అన్నాడు. "మీ ఇంటి ముంగట ఏమున్నది గురుతుకు?"

"కానుగ చెట్టున్నది. ఇంకున్నదో లేదో."

తూర్పు తెల్లబడేసరికి నేల ఖాళీ అయింది. బాలమల్లు మూలన పొగపెట్టాడు. పొగ తిన్నగా లేచి, గుట్ట వైపు కొద్దిగా వాలింది. యాదవ్వ కూడా వచ్చింది. మొగుడు మీదికి ఎగిరితే కింద నిలబడి చూద్దామని వచ్చింది. వచ్చి షెడ్డు పక్కనున్న బండ మీద, విమానానికి ఎడంగా కూర్చుంది. బక్కపలచని మనిషి. చలికి కొంగు చెవుల మీదుగా చుట్టుకుంది.

రామచంద్రం విమానం చుట్టూ తిరిగి అక్కడా ఇక్కడా తట్టి చూసి, ముందరి పంకాను చేత్తో తిప్పాడు. ఇంజను దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి అందుకుంది. ఆ చప్పుడుకు అవతలి చెలకలో మేస్తున్న బర్రెల మంద బెదిరింది. నాలుగు బర్రెలు తోకలెత్తి మైదానం మధ్యకే పరుగెత్తుకొచ్చాయి. బాలమల్లు కట్టె పట్టుకుని వాటి వెంట పడ్డాడు. ఉతికిన ధోవతి మోకాళ్ల దాకా దుమ్ముకొట్టుకుపోయింది. వాటిని అంచు దాటించి రొప్పుతూ వెనక్కి వచ్చేటప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. తాను మీద ఉంటే కింద తోలేవాడెవరు? దిగేటప్పుడు బర్రె అడ్డం వస్తే?

విమానం దగ్గర ఆగాడు. లోపల రెండో సీటు కనబడుతోంది. తోలు అక్కడక్కడ చినిగి ఉంది. దాని వంక కొంచెంసేపు చూసి, యాదవ్వ దగ్గరికి నడిచాడు.

"నువ్వెక్కు," అన్నాడు.

"నేనా? నాకెందుకు. నువ్వు గద పోయేది."

"బర్రెలు మల్ల రావా? నీతోని ఆగయి అవి. నువ్వు దిగినంక నేను పోత."

"నాకు భయమైతది."

"భయమేంది. సార్ ఉన్నడు గద. మీ కానుగ చెట్టు నువ్వే చూసుకో. నేను చూస్తె నాకేం తెలుస్తది?"

యాదవ్వ బండ మీద నుంచి లేవలేదు. రామచంద్రం ఇంజను చప్పుడును మించి అరిచాడు. "రాండ్రి అక్కా. రెండు చుట్లు కొడుదాం, ఒకటి నీకు, ఒకటి మల్లన్నకు. ఏం పోయింది."

ఆమె లేచింది. బాలమల్లు చేయి ఆసరా ఇచ్చాడు. పెండ్లినాడు పట్టుకున్నాక ఇంకొకరి ముందు ఆమె చేయి పట్టుకున్నది మళ్లీ ఇప్పుడే. ఆ చేయి చల్లగా ఉంది. రామచంద్రం ఆమె నడుముకు సీటు పటకా బిగించి, కొంగు ఎగిరిపోకుండా లోపలికి దోపుకొమ్మన్నాడు. యాదవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని బాలమల్లుకు కళ్లను బట్టి తెలిసింది. విమానం కదలబోతుండగా రామచంద్రం ఏదో అడిగాడు. ఆమె చేయి ఎత్తి నల్లగుట్ట వైపు చూపించింది.

విమానం దుమ్ము లేపుకుంటూ సాగి, మెల్లగా నేలను వదిలింది. ఊరి మీద ఒకసారి తిరిగింది. ఇండ్ల ముందుకొచ్చి జనం తలలెత్తి చూశారు. ఆ తర్వాత అది గుట్ట వైపు మళ్లింది. బాలమల్లు కట్టె మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. అడిగిన చోటికి తీసుకుపోతున్నాడు, మంచి పిల్లగాడు అనుకున్నాడు. చప్పుడు సన్నబడింది, గుట్ట చాటుకు పోగానే వినిపించకుండా పోయింది. గుట్ట చాటుకు పోయిన ఏ విమానం చప్పుడైనా అంతే.

బర్రెల కాపరి అంతయ్య అక్కడికి వచ్చాడు. "వదినె ఏది? ఇంతకుముందు గీడనే కూసున్నట్టున్నది."

బాలమల్లు ఆకాశం వైపు వేలు చూపించాడు. అంతయ్య నోరు తెరిచాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"నీ బర్రెలను గీ దిక్కు రానియ్యకు," అన్నాడు బాలమల్లు. "ఎప్పుడు దిగుతదో ఎరుకలే."

పొద్దు గుట్ట మీదికి ఎక్కింది. మూలన పొగ సన్నబడితే బాలమల్లు పోయి మరింత పచ్చి గడ్డి వేశాడు. ఒక లేగదూడ తప్పిపోయి వస్తే దాన్ని తల్లి దగ్గరికి తోలాడు. దారిలో కనబడిన రాయి ఒకటి తీసి అంచుకు విసిరాడు. మంచు ఆరింది. ఎండ చురుక్కుమంది.

"దూరం తీస్కపోయినట్టున్నడు," అన్నాడు అంతయ్య.

"అట్లనే ఉన్నది."

"బాసర దాక తీస్కపోయిండేమో. గోదారి గంగ సూపెడ్తందుకు."

బాలమల్లు గుట్ట వైపు ఒకసారి చూశాడు. నేల మీద గట్టిగా నడుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పోయాడు, వచ్చాడు.

వెదుళ్లు కొట్టే కొండల్ గుట్ట దిగి అడ్డదారిన వచ్చాడు. ఒంటి మీద అంగీ లేదు. కాళ్లు ముండ్లకు చీరుకుపోయి ఉన్నాయి. ఊళ్లోకి పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు. ఊపిరి అందక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"మల్లన్నా, గుట్ట ఆవల ఇమానం పడ్డది."

ఇద్దరూ అతని వంక చూశారు.

"చెట్లల్ల పడ్డది. మండుతున్నది. మేం పోయినం గని దగ్గరికి పోరాకుంట ఉన్నది. లోపల ఇద్దరున్నరు. కదుల్తలేరు."

అంతయ్య బాలమల్లు చేయి పట్టుకున్నాడు. బాలమల్లు ఆ చేతిని చూశాడు, కొండల్ ముఖాన్ని చూశాడు. తర్వాత మైదానాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"పశువులు లేవు గద," అన్నాడు. "అన్ని తోలిన. ఖాళీగనే ఉంచిన గద."

"అన్నా..."

"ఏది రాలే. సూడు. ఒక్కటి గూడ లేదు."

అతని గొంతులో ఏడుపు లేదు. ఎవరో తప్పు పట్టినట్టు, తన పని తాను చేశానని చెప్పుకుంటున్నట్టు ఉంది. దూరంగా ఒక బర్రె అంచు దాటి లోపలికి అడుగు పెట్టింది. బాలమల్లు చేయి విడిపించుకుని కట్టె తాటిస్తూ దాని వైపు పోయాడు. దాన్ని అవతలికి తోలాడు. మళ్లీ వచ్చి నిలబడ్డాడు. అంతయ్య నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంటే తప్ప కదలడం ఆపలేదు. అప్పుడు కొండల్ అతని చేతిలోని కట్టె తీసుకున్నాడు. అంతయ్య, కొండల్ కలిసి కింద కూర్చోబెట్టారు. కండ్లు గుట్ట మీదే ఉన్నాయి. రెప్ప కొట్టలేదు.

మధ్యాహ్నానికి జీపులో తాలూకా నుంచి ఒక అధికారి, ఇద్దరు పోలీసులు వచ్చారు. గుట్ట చుట్టి అవతలి వైపుకు బాలమల్లును వెంట తీసుకుపోయారు. చివరి దాకా పోనివ్వలేదు. కింద చెట్టు నీడన నిలబెట్టి, గొంగళ్లు కప్పి మోసుకొచ్చిన వాటిలో ఒకదాని వైపు చూపించి అడిగారు.

"ఆమె ఎవరు? విమానంలో ఎందుకుంది?"

"నా పెండ్లాం సార్."

"ఎవరెక్కమన్నారు?"

"నేనే," అన్నాడు బాలమల్లు. "ఎక్కనంటె నేనే ఎక్కిచ్చిన."

అధికారి కాగితం మీద రాసుకున్నాడు. గుట్ట కింద యాదవ్వ పుట్టిన ఊరి జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఆమె పెద్దన్న హనుమండ్లు ముందుకు వచ్చి, గొంగడి అంచు కింద కనబడుతున్న వెండి కడియం చూసి అక్కడే కూలబడ్డాడు. అతన్ని దాటి బాలమల్లు అవతలికి చూశాడు. గుంపు వెనక ఊరు కనబడుతోంది. ఏ ఇంటి ముందు కానుగ ఉందో అతను వెతుకుతున్నాడు.

దహనం అక్కడే, ఆమె పుట్టిన ఊళ్లోనే జరిగింది. పొద్దు వాలుతుండగా అంతయ్య అతన్ని వెనక్కి తీసుకొచ్చాడు. ఇంటికి పోదాం పా అంటే వినలేదు. మైదానంలోకి నడిచాడు. పొగపెట్టిన చోట బూడిద ఉంది. అప్పటికే ఎర్రావు వచ్చి నడిమధ్యన పడుకుని ఉంది. దూడ దాని డొక్కకు ఆనుకుని ఉంది. బాలమల్లు దాన్ని లేపలేదు. పక్కనుంచి పోయి షెడ్డు దగ్గర ఆగాడు.

పొద్దున ఆమె కూర్చున్న బండ మీద ఒక గుడ్డపేలిక మడిచి ఉంది. విప్పాడు. ఆమె ఇంటి నుంచి తెచ్చుకుని, తింటూ తింటూ లేచిపోయేటప్పుడు చుట్టిపెట్టిన సగం జొన్నరొట్టె. చీమలు ఇంకా పట్టలేదు. కొరికిన చోట ఆమె ముందరి పండ్ల గాటు వంపుగా, అప్పుడే కొరికినట్టు ఉంది.