తిరిగే యంత్రానికి ధూపం

మయూరి చేతిలోని లోపాన్ని పట్టుకోవాలనే ఉద్దేశంతో మంగళ ఆ బుధవారం ఉదయం స్టూలు జరుపుకుని కోడలి పక్కన కూర్చుంది.

ముంబయి కామాఠీపురాలో వాళ్ళుండే చాల్, ఆ వరుస గదుల పాత మేడ, కింది గదిలో లేజర్‌తో అక్షరాలు చెక్కే యంత్రం పెట్టి ఐదేళ్ళయింది. ఇళ్ళ పేరు పలకలు, ఆటల మండళ్ళ బహుమతి షీల్డులు, పెళ్ళి కానుకల పెట్టెలు అక్కడ తయారవుతాయి. రెండు నెలలుగా అందులోని లెన్స్ రెండు రోజులకే మసకబారుతోంది. రూపాయి బిళ్ళంత పసుపుపచ్చ గాజు అది. దాని మీద పొర పట్టిందంటే కిరణం ఒక్క చోట కుదురుగా నిలవదు. అక్షరం అంచులు మాడి అలుక్కుపోతాయి. కబడ్డీ మండలివాళ్ళు పన్నెండు షీల్డులు వెనక్కి తెచ్చి ఇచ్చారు.

లెన్స్ తుడిచేది మయూరి ఒక్కతే కాబట్టి దోషం ఆమె చేతిదేనని మంగళ తేల్చుకుంది. గ్రాంట్ రోడ్‌లో తెలిసినవారి చీరల దుకాణంలో కోడలికి పని కూడా మాట్లాడింది. సోమవారం నుంచి అక్కడికి వెళ్ళమని చెప్పినప్పుడు మయూరి ఎదురు చెప్పలేదు, ఆ రాత్రి అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. యంత్రం కొన్న నాటి నుంచి దాని ప్రతి మరా విప్పి బిగించి నేర్చుకున్నది ఆమె.

అంతకుముందే ఆదివారం నాటికి ఒక పని కావాలి. మంగళ మామగారు బుచ్చన్న ఎనభై దాటిన తాపీమేస్త్రీ. ఆయన తండ్రి పాలమూరు నుంచి తెచ్చుకున్న టేకు కొలబద్ద ఒకటి ఇంట్లో ఉంది. దాని మీద గీతలన్నీ ఆ తండ్రే స్వయంగా ఉలితో కొట్టినవి. చాల్ ఖాళీ చేయబోతున్నారు గనుక, తండ్రి పేరు చెక్కించి ఆ కొలబద్దను అక్కడి తెలుగువాళ్ళ సంఘం హాలు గోడకు ఇవ్వాలని బుచ్చన్న కోరిక. పేరు మసకగా పడితే చెరిపే వీలు లేదు. చిత్రిక పడితే పేరుతో పాటు పాత గీతలూ పోతాయి.

మయూరి యంత్రాన్ని ఆపి, చల్లారేదాకా ఆగి, కింది గొట్టం విప్పి లెన్స్‌ను అంచులు పట్టుకుని తీసింది. రబ్బరు బుడ్డితో ముందు దుమ్ము ఊదింది. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో మధ్య నుంచి అంచుకు ఒక్కసారి తుడిచి, ఆ పుల్లను పారేసి మరొకటి తీసుకుంది. నొక్కలేదు, రుద్దలేదు. ఉబ్బెత్తు వైపు పైకి ఉండేలా తిరిగి అమర్చింది. మంగళకు వంక పెట్టే చోటు దొరకలేదు. దొరకకపోవడం ఆమెకు ఊరట కలిగించలేదు.

అప్పుడు మయూరి చిన్న నోటు పుస్తకం తీసి అత్త ఒడిలో పెట్టింది. రోజుకొక వరుస. పై ముఖం ఎలా ఉంది, కింది ముఖం ఎలా ఉంది అని. పై ముఖం ఎప్పుడూ శుభ్రమే. పొర పట్టేది కిందనే. తుడవడంలో తేడా ఉంటే రెండు ముఖాల మీదా కనిపించాలి కదా అని మంగళ ఆలోచించింది. పేజీ తిప్పింది. నడుమ పదకొండు రోజులు రెండు ముఖాలూ శుభ్రంగా ఉన్నాయి. ఆ తేదీలు ఆమెకు బాగా గుర్తు. మనవరాలి పెళ్ళికని బుచ్చన్న మహబూబ్‌నగర్ వెళ్ళిన రోజులవి.

అదే సమయంలో బుచ్చన్న ధూపం పట్టుకుని లోపలికి వచ్చాడు. రోజూ లాగానే ముందు యంత్రాన్ని నడిపించమన్నాడు. అది గుర్రుమన్నాక సాంబ్రాణి పొగ మూడుసార్లు తిప్పి, ధూపపు గిన్నెను బల్ల కింద, గాలి పంపు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కొయ్య మాడే పొగ లెన్స్‌కు తగలకుండా కింది గొట్టంలోంచి గాలి ఊదడం ఆ పంపు పని. ఇదివరకు గిన్నె కిటికీలో ఉండేది. కిటికీ ముందు కొత్త పలకల పెట్టెలు చేరి రెండు నెలలు.

మంగళ ఒక అగరుబత్తి వెలిగించి పంపు నోటి దగ్గర పట్టుకుంది. నిటారుగా లేస్తున్న పొగ తీగ వంగి లోపలికి దూరింది.

"నీకు తెలుసా ఇది?" అని కోడలిని మెల్లగా అడిగింది.

"అనుమానముండె. తాతకు చెప్పే నోరు నాకెక్కడిది అత్తమ్మా? ఆ పొగ రోజూ అందరికన్న ముందు కళ్ళకద్దుకునేది మీరే."

కోడలు మొద్దు చేతి మనిషి అనిపించుకోవడానికి ఎందుకు ఒప్పుకుందో మంగళకు అర్థమైంది. ఇక చెప్పవలసింది తానే. యంత్రం నడవకముందే ధూపం వేయమని మామగారిని అడిగింది.

"బందున్న మిషన్‌కు ధూపమా?" అన్నాడు బుచ్చన్న. "కంకర కలిపే మిక్సర్ బందుంటే మాకు ఆనాడు కూలి లేనట్టు. మా అయ్య తిరిగే మిక్సర్‌కే ధూపం చూపిండు. ఆగినదాన్ని మొక్కితే ఆగిపొమ్మని మొక్కినట్టే."

మంగళ వాదించకుండా అగరుబత్తిని ఆయన చేతికిచ్చి పంపు చూపింది. పక్కనున్న నాగ్‌పాడా బేకరీలకు పొగ గొట్టాలు కట్టిన మనిషి ఆయన. మోకాళ్ళ మీద కూర్చుని పొగ వెంట చూపు నడిపించాడు. పంపు, పైపు, గొట్టం, లెన్స్. "పొగకు తొవ్వ నేనే వెట్టిన" అన్నాడు. తర్వాత గదిలోని పొగను గల్లీలోకి లాగేసే గోడ ఫ్యాన్ వైపు చూసి, పంపు లేకుండా అదొక్కటే తిరుగుతుందా అని మయూరిని అడిగాడు. తిరుగుతుందంది.

గురువారం నుంచి ఫ్యాన్ ఒక్కటే ముందు తిరిగింది. బుచ్చన్న గల్లీలోకి వెళ్ళి, అది గాలి వదిలే కన్నం ఎదుట ధూపం చూపాడు. పొగంతా ఆయన మొహానికే కొట్టింది. ఎదురు గదిలోని దుర్గయ్య గోడకెందుకు మొక్కుతున్నావని ఎకసెక్కమాడితే, తిరిగేదానికే మొక్కుతున్నానని దగ్గుతూ చెప్పాడు.

శుక్రవారం లెన్స్ శుభ్రంగా ఉంది. కొలబద్ద పెట్టేద్దామంది మంగళ. మయూరి ఒప్పుకోలేదు.

"రెండు దినాలకు ఏం తెలుస్తది? ఐతారం దాక రాయనియ్యుండ్రి."

ఆదివారం పొద్దున పుస్తకంలో కింది ముఖం ఎదుట కూడా నాలుగోసారి శుభ్రం అని రాశాక, మయూరి కొలబద్దను బల్ల మీద అమర్చి, దాని మందానికి తగినట్టు ఎత్తు సరిచేసి మూత వేసింది. స్టూలు ఖాళీగానే ఉంది. మంగళ గడప దగ్గర, యంత్రానికి వీపు పెట్టి, చీరల దుకాణానికి ఫోను కలిపి అమ్మాయి రాదని చెబుతోంది. ఎందుకని వాళ్ళడిగినట్టున్నారు.

"ఇక్కడి పని ఆమెకే వస్తది" అంది.

మూత తెరిచేసరికి అక్షరాలు ఎక్కడా మాడకుండా, అంచులు పదునుగా పడి ఉన్నాయి. బుచ్చన్న వేలి గోరుతో తండ్రి పేరులోని మొదటి అక్షరం లోతును మేస్త్రీ లాగా తడిమి, పక్కనే ఉన్న పాత ఉలి గీతను తడిమి, మళ్ళీ అక్షరం దగ్గరికి వచ్చాడు.