కాశీలో వదిలిన కాఫీ

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరుని. చూడ్డానికి ఒకటిగా కనిపిస్తాను గాని విప్పితే రెండు. పై గిన్నెకు అడుగున చిల్లులు, కింది గిన్నెకు బోలెడు ఓపిక. పైన పోసిన వేడినీళ్ళు పొడిని తడుపుకుంటూ చుక్కలు చుక్కలుగా కిందికి దిగాలి. ముందు ఎంత పెద్ద ఉద్యోగి నిలబడి అరిచినా ఆ చుక్క తనకు కుదిరినప్పుడే పడుతుంది. మనుషులకు నా మీద కోపం వచ్చేది అక్కడే.

పుట్టింది అజ్జరంలో. కంచరివాళ్ళ సుత్తి కింద చదునై, గుండ్రమై, లోపల కళాయి పూయించుకుని తణుకులో ఒక కొట్టు అద్దాల బీరువా ఎక్కాను. నన్ను మొదట కొన్నవాడు సినిమా రిప్రజెంటేటివు. రీళ్ళ పెట్టెలు వెంటబెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. గోదావరి జిల్లాల్లో అతను చూడని ఊరు లేదు, ఏ ఊళ్ళోనూ టిక్కెట్ల గది తప్ప చూసిందేమీ లేదు. ఒకనాడు భీమవరం లాడ్జిలో బస్సు హారను వినబడగానే నన్ను కిటికీలో తడిపొడితో సహా వదిలేసి పరుగెత్తాడు. మళ్ళీ రాలేదు. లాడ్జి గుమాస్తా కొన్నాళ్ళు ఎదురుచూసి, చింతపండు పెట్టి తోమి, తన స్నేహితుడి పెళ్ళి చదివింపుల్లో నన్ను గర్వంగా చదివించాడు. చింతపండు పడితే ఇత్తడి వయసు బ్రహ్మదేవుడికైనా తెలియదు.

ఆ పెళ్ళికొడుకే కొప్పినీడి వీరభద్రం. తణుకు బస్టాండులో కంట్రోలరు. నోట్లో విజిలు, చేతికి గడియారం. జీవితమంతా ఊళ్ళవాళ్ళను తిట్టి బస్సులెక్కించి పంపాడు గాని తను ఎక్కడికీ వెళ్ళలేదు. పొద్దున్నే ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, నిలబడే కాఫీ తాగేవాడు. ఆయన భార్య సత్యవేణి ఇంటిపని ముగించుకుని, చల్లారిపోయిన తన గ్లాసు వంటింటి గుమ్మం దగ్గర తాగేది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ నేనే కాఫీ ఇచ్చాను. ఒక్కనాడూ ఇద్దరికీ కలిపి ఇవ్వలేదు.

మధ్యలో ఒకసారి యాత్రల బస్సులో వెళ్ళొచ్చారు. రెండు వారాల్లో ఇరవై ఊళ్ళు. గైడు విజిలేస్తే దిగడం, విజిలేస్తే ఎక్కడం. వీరభద్రానికి ఆ పద్ధతి మహా నచ్చింది. నన్ను సంచిలోంచి తియ్యనే లేదు. ఇంటికొచ్చాక ఫొటోలు చూస్తూ సత్యవేణి, ఈ గోపురం ఏ ఊరిదండీ అని అడిగింది. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, తీసి చూసి, మనదే అన్నాడు.

రిటైరయ్యాక అసలు కథ మొదలైంది. వీరభద్రం కొత్త ఊళ్ళ పేర్లు చదువుతుంటే సత్యవేణి అడ్డుపడింది. కొత్తవి వద్దు, వెళ్ళొచ్చిన ఊళ్ళకే మళ్ళీ వెళ్దాం అంది.

"చూసిన ఊరు మళ్ళీ చూడ్డమేంటే?"

"చూళ్ళేదండి. దిగాం, ఎక్కాం. ఈసారి కూర్చుందాం."

అలా మొదట పూరీ వెళ్ళాం. సముద్రం కనబడే గది. పొద్దున్నే ఆవిడ నాలో పొడి వేసి నీళ్ళు పోసేది. డికాక్షను దిగేదాకా ఇద్దరికీ చేసే పనేమీ లేదు. వీరభద్రం మొదటిరోజు నన్ను మూడుసార్లు మూత తీసి చూశాడు. రెండోరోజు సముద్రం వైపు చూశాడు. ఆ తర్వాత రోజు ఆవిడ వైపు చూసి, నీకు ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ ఎప్పట్నుంచీ ఉందే అని అడిగాడు. పుట్టినప్పట్నుంచే అంది ఆవిడ. ఆరోజు నుంచి పొద్దుటి కాఫీ ఇద్దరి సొంతం. ఆ గంటసేపు ఊరు చూడ్డం లేదు, గుడి లేదు, గడియారం లేదు. ఆవిడ ప్రయాణాలు చేసేది ఆ గంట కోసమే. ఆయన ఆ మాట పైకి అనకపోయినా ఆయనదీ అదే.

కానీ కంట్రోలరు బుద్ధి ఎక్కడికి పోతుంది? పూరీలో ఆవిడకు కాస్త ఒళ్ళు వెచ్చబడింది. సాయంత్రానికల్లా సామాన్లు కట్టించి రైలెక్కించాడు. మరుసటేడు హంపీలో ఆవిడ కాలు రాయి మీద మడతపడింది. వైద్యుడు రెండ్రోజులు కదలకుండా ఉంటే చాలన్నాడు. ఈయన మాత్రం కారు మాట్లాడి, సగం కోటలు చూడకుండానే తణుకులో దింపాడు. దారి పొడుగునా ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంక ప్రయాణంలో నాకు ఏం వచ్చినా ఈయనకు చెప్పకూడదు అని ఆవిడ గట్టిగా అనుకున్నది ఆ కారులోనే. ఆ నిర్ణయం మా కొంప ముంచబోతోందని అప్పుడు నాకు తెలియదు.

తర్వాత కాశీ. పాత యాత్రలో ఒక పూట చూసిన ఊరికి ఈసారి నెలరోజులు. ఘాటుకు దగ్గరగా తెలుగువాళ్ళ సత్రంలో పై అంతస్తు గది, చిన్న వరండా, అందులోంచి అరచెయ్యంత గంగ. వంటింట్లో విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన పైడితల్లి. మొదటి వారం సుఖంగా గడిచింది. పొద్దున కాఫీ, తర్వాత కాళ్ళు ఎటు తీసుకెళితే అటు. ఒకరోజంతా చీరల మగ్గం ముందు కూర్చుని వచ్చారు. ఇంకోరోజు సందులో ఎదురొచ్చిన ఎద్దు పక్కకు తప్పుకునేదాకా అరుగు మీద కూర్చుని, అదే యాత్ర అనుకుని తిరిగొచ్చారు.

కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలెయ్యాలి కదా. సాధారణంగా ఒక కాయ, ఒక పండు. వదిలాక జన్మలో ముట్టకూడదు. వీరభద్రం తణుకులోనే బాగా ఆలోచించుకుని పొట్లకాయను ఎంచుకున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి పొట్లకాయ తినలేదు. ఘాటులో పశుపతిశాస్త్రి గారు సంకల్పం చెప్పించినప్పుడు ఈయన పొట్లకాయ అని గట్టిగా అన్నాడట. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని మనసులోనే అనుకుందట. నేను గదిలో ఉన్నాను. ఆయన తిరిగొచ్చి తువ్వాలు ఆరేస్తూ సణిగినదాన్ని బట్టి చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఎప్పటిలాగే డికాక్షను తీసింది. పాలు కాచింది. ఒక్క గ్లాసులోనే పోసింది.

ఆయన చూశాడు. నీకేదే అన్నాడు. నాకొద్దులెండి, మీరు తాగండి అని ఆవిడ వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజూ అంతే. మూడోరోజు కాఫీ దిగేవేళకే స్నానానికి వెళ్ళిపోయింది.

ఒంటరిగా ఉన్న మగవాడు గిన్నెలతో మాట్లాడతాడు. ఆయన నన్ను ఎదురుగా పెట్టుకుని తన అనుమానం చెప్పేశాడు. మా ఇంటిది కాఫీని వదిలేసింది. నేను తినని పొట్లకాయ వదిలి దేవుణ్ణి మోసం చేస్తే, ఇది ప్రాణం లాంటిది వదిలింది. ఇంకా లోతుకెళ్ళాడు. కాఫీని ఎందుకు వదిలినట్టు? ఆ గంటసేపు నాతో కూర్చోవడం ఇష్టం లేకా? కాశీలో మనుషులు ఒక్కొక్క బంధమే తెంచుకుంటారట. ఇవాళ కాఫీ, రేపు నేను. అడుగుదామంటే, మనసులో వదిలినదాన్ని బయటికి అడగకూడదని ఎవరో చెప్పిన మాట అడ్డం పడింది. వందల బస్సులను వేళకు పంపిన మనిషికి ఒక్క ప్రశ్న గొంతు దాటలేదు.

ఆవిడ తాగనిది తనూ తాగకూడదనుకున్నాడు. నన్ను తువ్వాలులో చుట్టి ఘాటుకు పట్టుకెళ్ళాడు. శాస్త్రిగారి ఎదుట నీళ్ళలో నిలబడి కాఫీని వదిలేశాడు. ఈసారి పొట్లకాయంత గట్టిగా అనలేకపోయాడు. నన్ను కూడా గంగలో వదలబోతే శాస్త్రిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఊళ్ళవాళ్ళు వదిలిన సామాన్లతో గంగమ్మకు ఇప్పటికే ఊపిరాడ్డం లేదు నాయనా, ఎవరికైనా దానమిచ్చుకో అన్నారు. నా ప్రాణం అలా దక్కింది.

దానం పైడితల్లికి పడింది. ఆమె చేతులు తుడుచుకుని నన్ను తీసుకుంది. తిరగేసి చూసింది.

"బాగుంది గాని, బాబూ, అమ్మకి పన్నునొప్పి తగ్గిందేటి? పొద్దున కూడా లవంగాలు ఒట్టుకెళ్ళింది."

వీరభద్రం పన్నునొప్పా అన్నాడు. నాలుగ్రోజుల్నుంచీ అదే బాధ, వేడి తగిలితే పేనం పోతందట, మీకు సెప్పొద్దందని పైడితల్లి పప్పు కలుపుతూనే చెప్పింది. చెప్పాక నాలిక కరుచుకుంది.

ఆ మనిషి మొహంలో అప్పుడు కనబడిన తేట నేను ఇంకెక్కడా చూడలేదు. భార్యకు పన్నునొప్పి అని విని అంత సంతోషించిన భర్త కాశీలో ఇంకొకడు ఉండడు. నన్ను దానమిచ్చిన సంగతి మర్చిపోయి చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు.

సత్యవేణి మంచం మీద దవడకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"పన్నునొప్పా?" అన్నాడు, రొప్పుతూ.

ఆవిడకు అర్థమైంది. "ఆ పైడితల్లి నోట్లో నువ్వుగింజ నానదు. టిక్కెట్లు తీసేశారా?"

"టిక్కెట్లేంటే?"

"చెబితే సామాన్లు కట్టేత్తారని చెప్పలేదండి. పూరీ సగం, హంపీ సగం. కాశీ కూడా సగం చేసుకుని పొమ్మంటారా? పన్నుదేముంది, అదే తగ్గుద్ది. నెలరోజులు మళ్ళీ వత్తాయా?"

ఆయన కింద చతికిలబడ్డాడు. "నేనింకా నన్ను వదిలేత్తన్నావనుకున్నానే."

ఆవిడ నవ్వబోతే పన్ను సలిపింది. దవడ నొక్కుకుని, మిమ్మల్ని వదలాలంటే కాశీదాకా రావాలా, తణుకు బస్టాండు చాలదా అంది. ఘాటులో మనసులో వదిలింది ఉత్త సీతాఫలమట. ఆ సాయంత్రమే పళ్ళ డాక్టరు ఆ పన్ను పీకేశాడు. ఇన్నేళ్ళు నమిలిపెట్టింది, ఇష్టమైనదాన్నే వదిలానండి కాశీలో అని ఆవిడ దూది అడ్డంగానే చెప్పింది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను. పన్ను పుండు కాస్త మానాక, నాలుగో రోజు పొద్దున్న ఆవిడ గోరువెచ్చటి కాఫీ రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆయన ముందు పెట్టింది. ఆయన తాకలేదు. తలవంచుకుని సంగతి చెప్పాడు. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది.

"నన్నొక్క మాట అడిగితే మీ నోరు అరిగిపోద్దా?"

ఇప్పుడు ఆవిడ తాగచ్చు, ఆయన తాగకూడదు. ఆయన తాగకపోతే ఆవిడకు గొంతు దిగదు. పన్ను పోయి సమస్య మిగిలింది. ఆవిడ చీర మార్చుకుని, నన్ను గుడ్డసంచిలో వేసుకుని, ముద్దాయిని వెంటబెట్టుకుని శాస్త్రిగారి దగ్గరికి బయల్దేరింది.

శాస్త్రిగారు సాంతం విన్నారు. వదిలినప్పుడు మొహమాటానికి వదిలావా, మనసారా వదిలావా అని అడిగారు. మనసారానేనండి, ఏడుపొచ్చింది కూడానండి అన్నాడు వీరభద్రం, అబద్ధమాడితే బతికిపోతానని తెలిసీ. అయితే వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు శాస్త్రిగారు. సత్యవేణి చెయ్యి సంచి మీద బిగిసింది. నా మూత నాకే గుచ్చుకుంది.

శాస్త్రిగారు ముక్కుపొడి పీల్చి, తీరిగ్గా ముక్కు తుడుచుకున్నారు.

"వదిలింది విశ్వనాథుడి దగ్గర. కనక అది ఆయన దగ్గరే ఉంది. మీ ఊరు పట్టుకుపోవడానికి వీల్లేదు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు, ఆయన పెట్టింది కాదనడానికి మీరెవరు? ఇక్కడున్నన్నాళ్ళూ ప్రసాదం అనుకుని తాగండి. పొలిమేర దాటితే చుక్క ముట్టొద్దు."

శాస్త్రంలో ఆ మాట ఎక్కడుందో నాకు తెలియదు. వీరభద్రం కూడా అడగలేదు. కళ్ళు తుడుచుకుని ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. సత్యవేణి రెండు దండాలు పెట్టింది.

దానమిచ్చిన వస్తువు కాబట్టి నేను పైడితల్లి సొత్తుగా సత్రంలోనే ఉండిపోయాను. ఆమె టీ తాగే మనిషి. ఏడాదంతా నాలో మెంతులు పోసి ఉంచుతుంది. వాళ్ళు వస్తున్నారని కబురు రాగానే ఆ వాసన పోయేదాకా తోముతుంది. అవును, వస్తున్నారు. కార్తీకం వెళ్ళగానే ఏటేటా వస్తారు, అదే గదికి. తణుకులో వీరభద్రం రాగిజావ తాగుతున్నాడట. మిగతా ఊళ్ళకు కూడా మళ్ళీ వెళ్ళి, పూరీలో మిగిలిన సగం, హంపీలో మిగిలిన సగం చూసొచ్చారట. అక్కడ ఆయన జావ, ఆవిడ గొంతు దిగీదిగని కాఫీ. కలిపి కాఫీ మాత్రం ఇక్కడే.

నిన్న కాక మొన్న వచ్చారు. ఈ పొద్దున వరండాలో నన్ను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన రోజూ అడిగే ప్రశ్న అడిగాడు, ఒంట్లో ఎక్కడైనా నొప్పిగా ఉందా అని. ఆవిడ ఎప్పుడూ లేదనే అంటుంది. ఇవాళ గ్లాసు అటూ ఇటూ తిప్పింది.

"మోకాలండి. రైలు దిగినప్పట్నుంచీ."

ఆయన చెయ్యి గబుక్కున చొక్కా జేబులోని ఫోను మీదికి వెళ్ళింది. ఆవిడ చూస్తూనే ఉంది. ఆయన ఫోను తీశాడు, దాన్ని ఒకసారి చూశాడు, కిటికీలో బోర్లా పెట్టాడు.

"అయితే ఇవాళ మెట్లు దిగొద్దు. ఇక్కణ్ణుంచే చూద్దాం. సాయంత్రం డాక్టర్ని పైకి పిలుత్తాను."

"రేపో?"

"రేపటి సంగతి రేపు చూద్దువు గాని, కాలిలా పెట్టు."

ఆవిడ కాలు చాపి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో మోకాలు ఒత్తుతూ కూర్చున్నాడు. కింద గంగలో పడవలు పోతున్నాయి. ఆవిడ కాఫీ చివరిదాకా వేడివేడిగా తాగింది.