ఫ్యాన్ గాలి ఎవరికి

కొత్త కంప్యూటర్‌లో ఏమేం ఉండాలో కోడలికి కంఠతా వచ్చు. ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, పెద్ద హార్డ్ డిస్కు. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. చేతిలో డబ్బు లేకపోవడమే చిక్కు. వాయిదాల మీద తీసుకోవాలంటే ఇంట్లో ఇంకొకరి హామీ సంతకం కావాలన్నారు ఫైనాన్స్ వాళ్ళు. చేబదులు కూడా ఎరగని మామగారు చాలా రోజులు నసిగి నసిగి, "సరేనమ్మా, నీ పని మీద నాకు నమ్మకం ఉంది" అన్నారు. ఆ మాటకు ధైర్యం రావాల్సింది పోయి, ఆమె గుండెల్లో రాయి పడింది.

పాత కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుందని ఆయనకు చెప్పలేదు. దాని లోపలి ఫ్యాన్ తిరగడం మానేసింది. వేడెక్కితే ఆగిపోతుంది. కిందటిసారి రిపేరు చేసినతను ఎలాగో లేపి, "ఇంకోసారి ఆగితే నా దగ్గరికి తేకండి, మీకు దండం పెడతాను" అన్నాడు. అప్పటి నుంచి పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని వీడియోలు ఎడిట్ చేస్తోంది. చెప్తే మామగారు, చేతిలో పనే గట్టెక్కేలా లేదు, పైన అప్పొకటా అంటారని భయం. ఈ ఫ్యానేంటమ్మా పొద్దస్తమానం అని ఆయన అడిగితే, "నాకు ఉక్కపోత మామయ్యా" అంది. ఆయన నమ్మేశారు.

ఫైనాన్స్ మనిషి వచ్చేసరికి డాన్స్ స్కూల్ పిల్లల ప్రదర్శన వీడియో తయారవుతోంది. ఎడిటింగ్ అయిపోయింది, అంతా ఒక్క ఫైలుగా బయటికి రావాలి. స్క్రీన్ మీద పని ఎంతైందో చూపే గీత నత్తలా జరుగుతోంది. సాయంత్రం అప్పగిస్తే వచ్చే డబ్బే కొత్తదానికి అడ్వాన్సు. ఆలస్యమైతే ఇక మీతో పని లేదని టీచరమ్మ ముందే తేల్చి చెప్పింది.

"పని చేసే చోటు చూడాలి మేడమ్" అంటూ అతను కంప్యూటర్ పక్కనే కుర్చీ లాక్కుని కాగితాలు పరిచాడు. గాలికి ఒక కాగితం ఎగిరి బల్ల కిందికి పోయింది. మామగారు వంగి తీసిచ్చి, ఫ్యాన్ ఆపేశారు.

"కాసేపు ఓర్చుకోమ్మా."

ఆమె చెయ్యి ఫ్యాన్ స్విచ్ దాకా వెళ్ళి ఆగింది. ఫ్యాన్ నాకు కాదు అంటే, ఎవరికి అని ఇద్దరూ అడుగుతారు. నడవని యంత్రాన్ని చూసి అప్పు ఎవరిస్తారు?

"నెలకి ఎన్ని పనులొస్తాయి?"

"వస్తాయండి."

"ఎన్నని అడిగాను మేడమ్."

ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. కంప్యూటర్ మీద చెయ్యి వేసి చూస్తే చురుక్కుమంది.

"కాస్త త్వరగా కానిద్దామండీ."

"తొందరపడితే తప్పులొస్తాయి" అని అతను పెన్ను కోసం జేబులన్నీ తడుముకున్నాడు. మామగారు కళ్ళజోడు తుడుచుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో లైనూ చదవడం మొదలుపెట్టారు.

"అన్నీ మామూలువే మామయ్యా, చదవక్కర్లేదు."

"సంతకం పెట్టేది నేను కదమ్మా" అని నవ్వారాయన.

సన్నగా మాడు వాసన. ఫైనాన్స్ మనిషి ముక్కు ఎగబీల్చాడు.

"ఏదో మాడుతున్నట్టుందే?"

"పొయ్యి మీద పాలు" అంది. పొయ్యి వెలిగించనేలేదు. పాలు చూడ్డానికి లేవాలని కూడా ఆమెకు తోచలేదు. కళ్ళు గీత మీదే ఉన్నాయి. ఇంకొంచెమే. ఇంకొంచెమే తల్లీ, అని లోపల వేడుకుంటూనే ఉంది.

మామగారు పెన్ను అందుకున్నారు. ముత్యాల్లాంటి అక్షరాలతో తాపీగా సంతకం చేసి, కింద తేదీ వేశారు. ఆయన పెన్ను పైకెత్తుతుండగా స్క్రీన్ నల్లబడింది.

ఫైనాన్స్ మనిషి గమనించలేదు. కాగితాలు సర్దుకుని, "ఇక నెలనెలా కట్టుకోవడమే" అని లేచాడు. అతన్ని గుమ్మం దాకా సాగనంపి మామగారు తిరిగొచ్చారు. కోడలు కదలకుండా కూర్చునే ఉంది. ముఖం మీద చెమట ధారగా కారుతోంది.

"అయ్యయ్యో, మర్చేపోయాను చూడు!" అంటూ ఆయన గబగబా వచ్చి ఫ్యాన్ వేశారు. అది కంప్యూటర్ వైపు తిరిగి ఉండడం చూసి నొచ్చుకుని, రెండు చేతులతో ఎత్తి సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా పెట్టారు.

"ఇక హాయిగా పని చేసుకో తల్లీ."