కోడలి దిద్దుబాట్లు

మా కొండ మీద రెండు గడియారాలున్నాయి. కింది పరిశోధన కేంద్రంలో ఉన్నదాన్ని అత్త అంటారు. తొమ్మిది వందల మీటర్ల పైన, చరియను తొలిచిన సొరంగంలో ఉన్నది కోడలు. ఈ పేర్లు పెట్టింది మగవాళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు. రెండింటికీ తేడా వస్తే దిద్దేది ఎప్పుడూ కోడలినే.

భూమికి దూరం జరిగినకొద్దీ కాలం కాస్త చురుగ్గా నడుస్తుంది. అందుకని కోడలు రోజుకు సెకనులో వంద కోట్లవ వంతులు ఎనిమిదిన్నర ముందుంటుంది. ఆ మాత్రం ముందుండడం న్యాయమేనని అందరూ ఒప్పుకుని, దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆపైన ఏ తేడా మిగిలినా అది కోడలి తప్పు. రోజూ సాయంత్రం మా ఆయన ఎసెన్ ఆ తప్పు దిద్ది, ఎంత దిద్దాడో పుస్తకంలో రాసి, పుటల్ని వారానికోసారి కిందికి పంపుతాడు. ఆయన రాత మంచులో గొర్రెలు తొక్కినట్టుంటుంది. శుభ్రమైన ప్రతి నేను తీస్తాను. బిష్కెక్‌లో భౌతికశాస్త్రం చదివినందుకు నాకు ఒరిగింది అదే.

ఆ శుక్రవారం పొద్దున, బద్ధకించి వదిలేసిన రెండు నెలల పుటలూ ఒకేసారి ముందేసుకుని కూర్చున్నాను. నిన్నటి అంకె ఎసెన్ ఫోనులో చెప్పాడు. దిద్దుబాట్లన్నీ ఒకే వైపుకున్నాయి. కోడలు రోజురోజుకూ నెమ్మదిస్తోంది, ఈయన ముందుకు తోస్తున్నాడు. జబ్బు చేసిన గడియారం ఒకరోజు అటు, ఒకరోజు ఇటు తూలుతుంది. ఇది తూలడం లేదు. తేడాను ఎత్తులోకి మార్చి చూశాను. మొదటి వారం వేలెడు. నెల తిరిగేసరికి జానెడు. నిన్న ఒక్కరోజే మూరెడు.

గడియారం చెడలేదు. అది కూర్చున్న చరియ కిందికి జారుతోంది. ఆ చరియ లోపల నాలుగు రోజులుగా ఎసెన్ ఒక్కడే ఉన్నాడు.

పొయ్యి ఆర్పి కేంద్రానికి పరుగెత్తాను. అక్కడి పెద్ద తుర్దుకుల్. అధికారే అయినా అందరిచేతా అన్నలా బైకే అని పిలిపించుకుంటాడు.

"ఏం కోడలా, రొట్టె ఏదీ? వట్టి కాగితాలు పట్టుకొచ్చావు?"

"బైకే, పైనున్న కోడలు దిగిపోతోంది."

"కోడలన్నాక ఏదో ఒక నస ఉంటుందిలే. దిద్దుకోమను మీ ఆయన్ని."

"ఆయన దిద్దబట్టే మీకు కనబళ్ళేదు. రెండు నెలలుగా అది కబురు చెబుతుంటే నోరు నొక్కుతున్నారు."

గడ్డం గోక్కున్నాడు. "అత్తే పైకి లేస్తోందేమో?"

"అత్తని రోజూ రాజధాని గడియారంతో పోల్చి చూస్తున్నారుగా. ఆవిడ కదల్లేదు."

"అత్తలు కదలర్లే," అని నవ్వాడు గానీ, ఫోను మాత్రం నా వైపు జరిపాడు.

"ఏంటి నుర్జమాల్, పొద్దున్నే నామీద ప్రేమ పొంగింది?" అన్నాడు ఎసెన్.

"నీ కింద నేల జారుతోంది. బయటికి రా."

"నేలకేం, రాయిలా ఉంది. గిన్నెలో టీ కూడా తొణకడం లేదు."

"టీ, గిన్నె, బల్ల, నువ్వు కలిసి దిగుతుంటే ఏది తొణుకుతుంది? కిటికీ లేని గదిలో కూర్చున్నవాడికి గది ఎంత దిగిందో తెలిసే దారి లేదు. పక్కింటి గడియారాన్ని అడగాలి. నేను పక్కింట్లోంచే చెబుతున్నా."

"అబ్బో, కాలేజీ చదువు బయటికొచ్చింది. సాయంత్రం దిద్దుబాటు చేసేసి వస్తాలే."

"దిద్దకు! రెండు నెలలవీ తీసెయ్. ఇప్పుడే. అది అసలేం చెబుతోందో బైకే చూస్తాడు."

గొణుక్కుంటూనే తీసేశాడు. తెర మీద అంకె ఒక్కసారిగా దిగింది. అక్కడితో ఆగుతుందనుకుంటే ఆగలేదు. మేం చూస్తుండగానే, మెట్లు దిగుతున్న ముసలమ్మలా ఒక్కో అంకే దిగుతోంది. బైకే నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"ఒరేయ్ ఎసెన్, ఎక్కడివక్కడ వదిలేసి బయటపడరా!"

"వస్తున్నా బైకే. తలుపే కాస్త బిగుసుకుంది. ఈ నెల్లో రెండుసార్లు చిత్రిక పట్టాను. చెమ్మకి ఉబ్బుతోందనుకున్నా."

తలుపును కూడా దిద్దాడన్నమాట.

బైకే ఫోను నాకిచ్చేశాడు. గొడ్డలి దెబ్బలు వినబడ్డాయి. పదిహేడు లెక్కపెట్టాను. తర్వాత చెక్క చీలిన చప్పుడు. అప్పుడొచ్చిన గొంతులో వేళాకోళం లేదు.

"నుర్, తలుపొచ్చింది. బయట బాట... నా నడుం ఎత్తున ఉంది."

"ఎక్కు."

"ఉండు, పుస్తకం తీసుకుని..."

"ఎక్కవయ్యా!"

రిసీవరు జారవిడిచినట్టున్నాడు. తీగకు వేలాడుతూ అది గోడకు కొట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో చప్పుడు కోసం చెవి ఒత్తిపెట్టుకున్నాను. అది రాకముందే తెర మీది అంకెలు ఆగిపోయాయి, ఫోనూ మూగబోయింది.