నువ్వుగింజంత గుల్ల

నేను ఓడల అడుగు గీకుతాను. పదకొండేళ్లుగా అదే పని. ఓడను ర్యాంపు మీదికి లాగుతారు. అడుగున పట్టిన నాచూ గుల్లలూ పారతో గీకి బకెట్లలో వేస్తాం, ర్యాంపు చివరికి మోసి నీళ్లలో బోర్లిస్తాం. "సముద్రంలో పుట్టింది సముద్రానికే" అంటాడు మా మేస్త్రి. పనిలో చేరిన రోజే అందరం నేర్చుకునే మాట అది. తప్పని ఎవడూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లకు కుర్చీలున్నాయి, నోళ్లు లేవు.

రేవుకు ఎదురుగా, కేకేస్తే వినపడే దూరంలో మా అన్నయ్య తెప్పలున్నాయి. వాటి నుంచి తాళ్లు వేలాడదీసి ఆలిచిప్పలు పెంచుతాడు. పోయినేడు ఆ తాళ్ల మీద చారల గుల్ల కనపడింది. ఈ నీళ్లలో ఎప్పుడూ లేని రకం. ఈ ఏటికి ముప్పై తాళ్లలో ఇరవై ఆరు దాని పాలయ్యాయి. ఆలిచిప్పల మీద పొరలు పొరలుగా పట్టి, నోళ్లు మూసేసి, వాటి తిండి తనే తినేసి చంపింది.

చేపల శాఖ ఆఫీసరమ్మ వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుంది. "ఇది దూరదేశపు గుల్లమ్మా. ఓడలకు అంటుకుని వస్తుంది. ఎన్నో రేవుల్లో ఇదే గోల."

"అయితే ఓడల్ని ఆపండి."

"ఓడలు ఆగితే నీ పనేం కాను?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఓడల యజమానుల దగ్గరికి ఆ సీసా పట్టుకుని వెళ్లిన వాళ్లను నేనింతవరకు చూడలేదు.

మర్నాడు బకెట్ బోర్లించబోతుంటే చెయ్యి ఆగిపోయింది. బకెట్ నిండా చారలే. బతికే ఉన్నాయి, వేలు పెడితే మూసుకుంటున్నాయి. ఇవి ఎప్పటి నుంచి వస్తున్నాయి? గుర్తులేదు. గీకేవాళ్లం రంగులు చూస్తామా?

"ఏంటమ్మా, బకెట్లో మొహం చూసుకుంటున్నావా?" మేస్త్రి అరిచాడు.

"ఇవే మా అన్నయ్య తాళ్లు తింటున్నాయి మేస్త్రీ."

"నువ్వు పొయ్యకపోతే పస్తులుంటాయా? అన్ని రేవుల్లోనూ పోస్తూనే ఉన్నారు. నీ ఒక్క బకెట్టే పాపమా?"

అయినా బకెట్ పైకి మోసుకెళ్లి, ఎండలో కంకర మీద కుమ్మరించాను. దానివల్ల ఏమన్నా ఒరిగిందా అంటే, ఏమో.

అంతలో వదిన పరుగెత్తుకొచ్చింది. "అమ్మాయ్, మీ అన్నయ్య మిగిలిన నాలుగు తాళ్లూ పడవలో వేస్తున్నాడు! కొండ అవతలి నీళ్లలో కడతాడట. అక్కడ ఇంకా శుభ్రమట."

తడి బూట్లతోనే పరుగెత్తాను. ఇంజన్ అప్పటికే మోగుతోంది.

"ఆగు అన్నయ్యా!"

"అడ్డం లే, గీకుడు రాణీ. బాగున్నవి ఈ నాలుగే. ఇవీ పోతే నాకేం మిగులుతుంది?"

"వాటికి అది పట్టలేదని నీకెలా తెలుసు? దాని పిల్లలు నువ్వుగింజంత ఉంటాయి." ఇక దాచలేకపోయాను. "దాన్ని ఇక్కడికి తెచ్చింది నేనే. బకెట్లతో. నీ తెప్పల ఎదురుగానే పోశాను."

అన్నయ్య నన్నే చూశాడు. తిడతాడనుకున్నాను. తల గోక్కున్నాడు. "నువ్వా? మరి ఈ తాళ్లు... రెండేళ్ల కిందట వేరే రేవులో పాతవి కొన్నాను కదా. కడిగానా అసలు?"

"కడగలేదు," అంది వదిన. "కడుగుతానని మూడు వారాలు చెప్పావు."

"అంటే తెచ్చింది నేనా, చెల్లా?"

"నాకు తెలీదన్నయ్యా."

"ఆఫీసరమ్మకి?"

"ఆవిడకీ తెలీదు. సీసాకి కూడా తెలీదు."

ముగ్గురం పడవలో కూర్చుని, తాడును ఒళ్లో పరుచుకుని, పేలు చూసినట్టు చూశాం. మూడో తాడులో, రెండు చిప్పల మధ్య, ఒకటి దొరికింది. నువ్వుగింజంత. చారల్లేవు. ఆ వయసులో దేనికీ ఉండవు.

"ఇది మన ఆలిచిప్ప పిల్లేమో," అన్నాడు అన్నయ్య.

"కావచ్చు."

"కాకపోవచ్చు కూడా," అంది వదిన. "పెరిగితే తెలుస్తుంది."

"పెరిగాక తెలిసి ఏం లాభం?" అని అన్నయ్య కొండ వైపు చూశాడు. అవతల మా చిన్నాన్న తెప్పలున్నాయి. ఇంకా చాలామందివి ఉన్నాయి. ఇంజన్ ఆపేశాడు. నాలుగు తాళ్లూ మోసుకెళ్లి మళ్లీ పాత తెప్పకే కట్టాడు, ఇరవై ఆరు చచ్చిన తాళ్ల పక్కన. కట్టేటప్పుడు ముడి రెండుసార్లు జారింది.

గింజ నా అరచేతిలోనే ఉండిపోయింది. "దాన్ని నలిపెయ్యి," అంది వదిన.

"మనదైతే?" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరగకుండానే.

నేను గుప్పిట మూసుకుని నిలబడ్డాను. రేవులో నా బకెట్ కోసం మేస్త్రి కేకలేస్తున్నాడు.