అంకె లేని పేజీలు

"నూట పన్నెండు, నూట పదమూడు…"

సాయమ్మ వేలికి ఉమ్మి తగలనివ్వకుండా, తిరిగొచ్చిన పుస్తకం పేజీలు తిప్పుతోంది. ఎదురుగా శ్రీకాంత్ ఫ్యాక్టరీ చొక్కాతో నిలబడి గోడ గడియారం వంక చూస్తున్నాడు.

"డ్యూటీకి ఆలస్యమైతుంది. జెర జల్దీ సూడమ్మా."

"పోయిన నెల నీ లెక్కనే ఒకడు తొందర చేసిండు. పరీక్ష ప్రశ్నలున్న కాయిదాలన్నీ బ్లేడుతోని కోస్కపోయిండు. నిలబడు."

అతడు మూతి ముడుచుకుని నిలబడ్డాడు. చివరి అంకె దాకా చూశాకే ఆమె పుస్తకాన్ని పక్కన పెట్టింది.

ఇస్నాపూర్ శాఖా గ్రంథాలయంలో సాయమ్మది ఊడ్చే ఉద్యోగం. లైబ్రేరియన్ కుర్చీ నాలుగేళ్లుగా ఖాళీ. ఇన్‌ఛార్జి త్రినాథరావు సంగారెడ్డి నుంచి వారానికోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ తాళాలు ఆమె కొంగుకే ఉంటాయి. అక్షరాలు రావు. మందుల కంపెనీలో ఏడేళ్లు డబ్బాలు లెక్కపెట్టింది గనుక అంకెల్లో మాత్రం ఎవరికీ తీసిపోదు. ఆ అంకెలతోనే పందొమ్మిదేళ్లుగా పుస్తకాలను కాపలా కాస్తోంది. వాన వస్తే బీరువాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతుంది. పురుగు పట్టకుండా అరల్లో కలరా ఉండలు వేస్తుంది. వాటిని కూడా జేబులో వేసుకుపోయే మహానుభావులున్నారు. ఇంత చేసినా వచ్చేవాళ్లందరికీ ఆమె గయ్యాళే.

పదింటికి త్రినాథరావు వచ్చాడు. అద్దాల బీరువాలోంచి జిల్లా చరిత్ర చెప్పే పాత లావుపాటి పుస్తకం తీసి, ముందుకూ వెనక్కూ తిప్పాడు.

"ఇందులో పటాలేవి సాయమ్మా? నాలుగుండాలి."

ఆమె పుస్తకం లాక్కున్నంత పనిచేసి, ఒకటి నుంచి మూడు వందల పన్నెండు దాకా లెక్కపెట్టింది. ఒక్కటీ తగ్గలేదు.

"అన్నీ ఉన్నయి సార్."

"పటాలకు అంకెలు వేయరమ్మా."

పందొమ్మిదేళ్లలో ఈ ముక్క ఆమెకెవరూ చెప్పలేదు. అచ్చువేసినవాళ్ల మీద, ఇన్నాళ్లూ చెప్పని ఆయన మీద, అన్నిటికన్నా తన మీద ఒళ్లు మండింది.

"ఇక్కడ భద్రత లేదని రాసేస్తాను. ఈ బీరువా మొత్తం సంగారెడ్డికి తెప్పించుకుంటాం" అని ఆయన వెళ్లిపోయాడు.

అది పోతే మిగిలేవి దినపత్రికలూ, చిరిగిన నవలలూ. కాపలా కాయడానికి ఇక ఏమీ ఉండదు.

మధ్యాహ్నమంతా ఊడ్చిన చోటే ఊడుస్తూ ఆలోచించింది. ఆ పుస్తకం అడిగేది ఒక్క యాదన్నే. రిటైరైన వాచ్‌మన్. ఊడిన అట్టలను దబ్బనంతో కుట్టిపెట్టేవాడు. అలాంటివాడి ముందు పేజీలు లెక్కపెట్టడానికి ఆమెకు మొహమాటం. ఆ మొహమాటమే కొంప ముంచింది. పది రోజులుగా మనిషి జాడ కూడా లేదు.

"ముసలోడు ఇంత పని చేసిండా. రానీ, ఒక్కసారి రానీ" అని చీపురు మూలకు విసిరింది.

నాలుగింటికి చాయ్ తెచ్చిన హోటల్ లింగాన్ని అడిగింది.

"యాదన్న ఎటు పోయిండు?"

"నీకు తెల్వదా? జరమొచ్చి జిన్నారంల బిడ్డ కాడికి పోయిండు. మొన్న ఆదివారం నిద్రలనే పానం పోయిందట."

సాయమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది. చాయ్ చల్లారిపోయింది. తలుపు వెనక మేకుకు యాదన్న గుడ్డసంచి వేలాడుతోంది. ఇంటికి పంపుదామని తీసి లోపల చెయ్యి పెట్టింది. ప్లాస్టిక్ కవరులో నాలుగు పటాలూ ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిన చోటల్లా వెనక పల్చటి తెల్లగుడ్డ అంటించి ఉంది. మూడు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది. అతడు చివరిసారి వచ్చిన రోజు తాను ఎవరి పుస్తకమో లెక్కపెడుతుంటే యాదన్న పక్కకొచ్చాడు. "సాయమ్మా, పటాలు మడతల కాడ పిగులుతున్నయి. బయటికి తీసి గుడ్డ అంటిస్త" అన్నాడు. అంకె తప్పుతుందన్న చిరాకులో ఆమె తలెత్తకుండానే "ఊ" అంది.

వెంటనే త్రినాథరావుకు ఫోన్ చేసింది.

"దొరికినయి సార్. యాదన్న బాగు చేస్తుండె. ఒక్క కాయిదం గూడ పోలే."

"మంచిదే. కానీ లెటర్ పైకి వెళ్లిపోయింది. బండి రేపే వస్తుంది. అవి కూడా పుస్తకంలో పెట్టి ఉంచు."

ఆమె ఇంకేదో అనేలోగా ఫోన్ పెట్టేశాడు. యాదన్నను తిట్టుకున్నందుకు ఏడుపొచ్చింది. పుస్తకాల మీద గీతలు గీసినవాళ్లను ఇన్నేళ్లూ తిట్టిన సాయమ్మ పెన్సిలు తీసి, పటాల మూలన సన్నగా ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసింది. పుస్తకంలో పెట్టి బీరువాకు తాళం వేసింది.

సంచిని ఇంటికి పంపబుద్ధి కాలేదు. మళ్లీ మేకుకే తగిలించింది. దాని అడుగున మూత సరిగా పడని చిన్న డబ్బా, అందులో రాయిలా ఎండిన మైదా జిగురు, ఆ జిగురులో నిలువుగా బిగుసుకుపోయిన కుంచె.